ఏటా వచ్చే వాన దైవఘటన ఎలా అవుతుంది?

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ శివారులో రాజేంద్రనగర్ దాటాక గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదికి నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. శంషాబాద్ వైపు పోతున్న వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. మర్నాడు మైలార్‌దేవ్‌పల్లిలో పల్లె చెరువు వరద అలీనగర్ మీద పడింది. ఇంటి ముందు నిలబడి ఉన్న ఒకే కుటుంబానికి చెందిన పలువురు ఆ నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ ఒక్కరోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అక్టోబరు నెలలో ఒక్కరోజులో నగరంలో అంత వాన వందేళ్లకు పైగా ఎన్నడూ కురవలేదు.

రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల చొప్పున ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. మునిగిన ఇళ్లకు 10 వేల చొప్పున సాయం ఇచ్చింది. వార్త అక్కడితో చల్లబడింది.

నాలుగేళ్ల తర్వాత, 2024 ఆగస్టు చివర్లో, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా బుల్‌డోజర్లు అదే అప్ప చెరువు దగ్గరికి వచ్చాయి. చెరువును పూడ్చి కట్టిన షెడ్లను కూల్చేశాయి. 2020లో రహదారి మీదికి వరద రావడానికి ఈ ఆక్రమణలే కారణమన్న మాట అధికారికంగానే వినిపించింది.

ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. చెరువు శిఖంలో షెడ్లు ఒక్క రాత్రిలో లేవవు. ఎవరో అనుమతి ఇచ్చి ఉండాలి, లేదా అనుమతి లేదని తెలిసీ ఊరుకుని ఉండాలి. అప్పుడు కట్ట తెగి పోయిన ప్రాణాలకు జవాబు చెప్పాల్సింది వాన ఒక్కటేనా? బాధ్యులు ఉన్నారని ప్రభుత్వ సంస్థే బుల్‌డోజరుతో చెప్పాక, ఆ కుటుంబాలకు దక్కాల్సింది 5 లక్షల చెక్కేనా?

రాజేంద్రనగర్‌లో ఏ కాలానికి ఏ ప్రమాదం వస్తుందో అక్కడ పదేళ్లుగా ఉంటున్న ఎవరినడిగినా చెబుతారు. జూన్ నుంచి అక్టోబరు దాకా నిండిన నాలాలు, నీళ్ల కింద కనపడని గుంతలు, తెగిన కరెంటు తీగలు, నానిన గోడలు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారంటే కింద సర్వీసు రోడ్డు మూసేయాల్సిందే. వినాయక చవితికి ఎత్తైన విగ్రహాలు, వాటి దారిలో వేలాడే తీగలు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీదా విమానాశ్రయం దారిలోనూ పొగమంచు. సంక్రాంతికి గాలిపటాల మాంజా. ఎండాకాలం సెలవుల్లో ఫాంహౌసుల ఈత కొలనులు. వీటిలో ఏదీ ఊహకు అందనిది కాదు. ముందే తెలిసిన ప్రమాదాన్ని ఆపాల్సిన బాధ్యత ఎవరో ఒకరి మీద ఉంటుంది. ఆ బాధ్యత తప్పితే పరిహారం బాధితుడి హక్కు. ఆ హక్కు మన దగ్గర ఎక్స్‌గ్రేషియా చెక్కు దగ్గరే ఆగిపోతోంది. ఆగనివ్వకూడదు.

తేడా ఎంతో లెక్క వేసి చూస్తే గుండె బరువెక్కుతుంది. శంషాబాద్ కార్గోలో నెలకు 20 వేలు తెచ్చుకునే 32 ఏళ్ల మనిషి ఒకరు లారీ గుద్ది చనిపోయారనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీదే ఆధారపడ్డారు. 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు ఖరారు చేసిన పద్ధతిలో మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ లెక్క కడుతుంది. ఏడాది జీతం 2 లక్షల 40 వేలు. ఇంకా ఎదగాల్సిన వయసు కాబట్టి దానికి 40 శాతం కలుపుతారు. మొత్తంలో తన సొంత ఖర్చుకు పోయే నాలుగో వంతు తీసేస్తారు. మిగిలిన 2 లక్షల 52 వేలను అతని వయసుకు నిర్ణయించిన 16తో గుణిస్తారు. 40 లక్షల 32 వేలు వస్తుంది. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలు కోల్పోయిన తోడు, వడ్డీ వేరే. అతని తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు తగ్గుతుంది. ఎంత తగ్గినా 5 లక్షలతో పోల్చే మొత్తం కాదు.

సంపాదన లేని ఇల్లాలు చనిపోతే ఏమీ రాదనే అపోహ చాలామందిలో ఉంది. అది తప్పు. ఇంటిపనికి విలువ కట్టి తీరాలని 2021 జనవరిలో కీర్తి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఎక్స్‌గ్రేషియా ఇవ్వడం తప్పని ఎవరూ అనరు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే చేతికి వచ్చే డబ్బు అది, దాని అవసరం దానిదే. అయితే దాని మొత్తం ఎంతో, ఎవరికి ఇవ్వాలో ప్రభుత్వం ఇష్టం. బాధ్యులెవరో అది తేల్చదు. అది తీసుకున్నంత మాత్రాన కోర్టుకో ట్రిబ్యునల్‌కో వెళ్లే హక్కు పోదు. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర తాండూరు డిపో ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయినప్పుడు ప్రభుత్వం 5 లక్షలు, ఆర్టీసీ 2 లక్షలు ప్రకటించాయి. ఆ ఏడు లక్షలతో ఆ కుటుంబాల న్యాయపోరాటం ముగిసిపోకూడదు. రాజేంద్రనగర్ అంచున అప్పా జంక్షన్ దగ్గర మొదలయ్యే ఆ రోడ్డు విస్తరణ ఏళ్ల తరబడి ఆగిందన్న సంగతీ విచారణలో ఒక అంశం కావాలి.

వానను చూపించి తప్పించుకునే వాదన కొత్తది కాదు. తమిళనాడులోని దక్షిణ ఆర్కాట్ జిల్లాలో కల్వర్టు కూలి బస్సు నీళ్లలో పడిన కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భారీ వర్షాలు, వరద, ఇది దైవఘటన, మా చేతిలో ఏముంది అన్నది రహదారుల శాఖ. 1987లో వేదాంతాచార్య కేసుగా తీర్పు వచ్చింది. వాన ఎక్కువ కురిసిందని చెబితే చాలదు, ఆ వానను ఊహించి ముందుగా ఏ జాగ్రత్తలు తీసుకున్నారో ఆధారాలతో చూపాలి, చూపలేకపోయారు కాబట్టి బాధ్యత మీదే అని కోర్టు తేల్చింది. గగన్‌పహాడ్ రోడ్డు మీద నిలబడి ఈ తీర్పును గుర్తు చేసుకోవాలి.

అసలు ఈ నగరం చరిత్రే ఆ వాదనకు అడ్డుపడుతుంది. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను మనిషి ఆపగలడని వందేళ్ల కిందటే ఒప్పుకుని, ఆ ఒప్పుకోలును రాజేంద్రనగర్ పక్కనే రాతికట్టగా నిలబెట్టిన ఊరు ఇది. హిమాయత్‌సాగర్ నీడలో కూర్చుని నీళ్లు చెప్పకుండా వచ్చాయని ఏ అధికారీ అనకూడదు.

తెలుగు కుటుంబాలు ఈ వాదనను ఎదుర్కొని గెలిచిన సందర్భం ఒకటుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైన లార్జి డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. ఎండాకాలం సెలవులు, బండరాళ్ల మీద ఫొటోలు, పిల్లల దుడుకుతనం అని కొట్టిపారేసే వాళ్లు అప్పుడూ ఉన్నారు. హిమాచల్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2016 జనవరిలో ఒక్కో కుటుంబానికి 20 లక్షలు, దాని మీద వడ్డీ చెల్లించాలని ఆదేశించింది. ఆ భారాన్ని పంచిన తీరు గమనించదగ్గది. నీళ్లు వదిలిన విద్యుత్ బోర్డు 60 శాతం, పిల్లలను తీసుకెళ్లిన కళాశాల 30 శాతం, నది ఒడ్డున హెచ్చరికలు, కాపలా చూడాల్సిన రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం. ఒక ప్రమాదానికి బాధ్యులు ఒక్కరే ఉండనక్కర్లేదు. ఎవరి వాటా ఎంతో తేల్చడం న్యాయస్థానం చేయగల పని.

కరెంటు విషయంలో చట్టం బాధితుడికి ఇంకా దగ్గరగా నిలబడుతుంది. మధ్యప్రదేశ్‌లో ఒక కార్మికుడు వాన కురిసిన రాత్రి సైకిలు మీద ఇంటికి వెళ్తున్నాడు. రోడ్డంతా నీళ్లు. తెగిపడిన తీగ ఆ నీళ్లలో ఉంది. అక్కడికక్కడే చనిపోయాడు. ఎవరో దొంగతనంగా కొక్కెం వేసి కరెంటు లాక్కున్నారు, తీగ అందువల్ల పడింది, మా తప్పేం లేదు అని విద్యుత్ బోర్డు వాదించింది. 2002లో శైల్ కుమారి కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రాణం తీయగల సరకును జనం మధ్య నడిపిస్తూ లాభపడే సంస్థ, తన నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా, దానివల్ల కలిగే నష్టానికి బాధ్యత వహించాలి అంది. అంటే ఆ భార్య లైన్‌మన్ ఏం తప్పు చేశాడో నిరూపించనక్కర్లేదు. తీగ సంస్థది, ఆ తీగ వల్లే మరణం అని చూపితే చాలు.

2025 ఆగస్టులో రామంతాపూర్ గోకులేనగర్‌లో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంటు షాక్ తగిలి ఐదుగురు చనిపోయారు. ఒకట్రెండు రోజుల తేడాలోనే పాతబస్తీ బండ్లగూడ దగ్గర వినాయక విగ్రహం తరలిస్తూ యువకులు చనిపోయారు. ఆ ఘటనల్లో ఎవరి పాత్ర ఎంత అన్నది విచారణలో తేలాల్సిందే. తీగల కింద వేలాడే కేబుళ్లు ఎవరివి, ఊరేగింపు దారిని ముందే చూసిందెవరు, సరఫరా ఆపాలని ఎవరైనా అడిగారా, ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలు. అడగడానికి ఖర్చు లేని చోటూ ఒకటుంది. కరెంటు, నీళ్లు, రవాణా, ఆసుపత్రుల వంటి సేవల వివాదాలకు శాశ్వత లోక్ అదాలత్‌లు ఉన్నాయి. కోర్టు ఫీజు ఉండదు. కోటి రూపాయల దాకా వివాదాలు వినగలవు. రాజీ కుదరకపోతే తీర్పూ ఇవ్వగలవు. వీటి గురించి తెలిసిన వాళ్లు ఒక కాలనీలో పదిమంది కూడా ఉండరు.

చట్టం ప్రతిసారీ బాధితుడి వైపే ఉంటుందని చెబితే అబద్ధం అవుతుంది. రాజ్‌కోట్‌లో 1975లో రోడ్డు మీద నడిచి వెళ్తున్న మనిషి మీద చెట్టు కూలింది. ఆయన భార్య కింది కోర్టులో, హైకోర్టులో గెలిచారు. 1997లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. ఆ చెట్టు పాడైందని, కూలవచ్చని కార్పొరేషన్‌కు తెలిసినట్టు ఆధారం లేదన్నది కారణం. అంతకుముందు 1966లో, ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభం కూలిన కేసులో అదే సుప్రీంకోర్టు మున్సిపాలిటీని బాధ్యురాలిని చేసింది. ఆ కట్టడం తనదే, 80 ఏళ్ల నాటిది, అది పాతబడిందని తెలుసుకోవడం దాని పనే అంది. రెండు తీర్పుల మధ్య కీలకం ఒక్కటే. ప్రమాదం వస్తుందని తెలుసా, తెలిసి ఉండాల్సిందా?

రాజేంద్రనగర్ కాలనీ సంఘాలకు ఇక్కడే పని ఉంది. మూత లేని నాలా, వంగిన స్తంభం, ఎండిన కొమ్మ కనిపించగానే ఫొటో తీసి మున్సిపల్ యాప్‌లో పెట్టాలి, లేదా కాగితం మీద రాసి రసీదు తీసుకోవాలి. అత్తాపూర్‌లో చిరునామాలన్నీ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్లతోనే నడుస్తాయి కాబట్టి ఫిర్యాదులోనూ ఆ నంబరు రాస్తే స్థలం మీద వివాదమే రాదు. ఫిర్యాదు నంబరు ఉంటే, మాకు తెలియదన్న మాట అధికారి నోటి నుంచి రాదు. ప్రమాదం జరిగిపోయాక కూడా పాత ఫిర్యాదుల చిట్టా అడగొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. 2021 సెప్టెంబరులో మణికొండలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వానలో నడిచి వెళ్తూ తెరిచి ఉన్న నాలాలో పడ్డారు. రెండు రోజుల తర్వాత నెక్నాంపూర్ చెరువులో ఆయన శవం దొరికింది. నడిరోడ్డు మీద పని కోసం తవ్విన గోతికి అడ్డుగా కంచె, ఎర్ర దీపం లేకపోవడం ఊహకు అందని విషయమని ఏ కోర్టూ అనుకోదు.

ఇలాంటి కేసులో దారులు రెండు మూడు ఉన్నాయి. మనిషి చనిపోతే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద రెండేళ్లలోపు సివిల్ దావా వేయవచ్చు. ప్రభుత్వం మీద దావా అయితే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. నిర్లక్ష్యం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటే హైకోర్టులో రిట్ వేసి పరిహారం కోరవచ్చు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారి మీద భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేరుగా నడుస్తుంది. క్రిమినల్ కేసు పెట్టారు కదా అని పరిహారం సంగతి మరిచిపోవడం చాలా కుటుంబాలు చేసే పొరపాటు.

వాహన ప్రమాదాల్లో దారి కొంత సాఫీ. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు దగ్గర తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అందుకు ముందు వానలో జారిపడి ఒక బైకు నడిపే యువకుడూ చనిపోయాడు. ఆ బైకే రోడ్డు మీద బస్సుకు అడ్డం వచ్చింది. బాధితుల కుటుంబాలు కేసు కోసం కర్నూలు తిరగాల్సిన పని లేదు. తాము ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే క్లెయిము వేయవచ్చని చట్టం చెబుతోంది. రంగారెడ్డి జిల్లా వాళ్లకు అది ఎల్బీనగర్‌లోని జిల్లా కోర్టుల ఆవరణ.

గుద్దిన బండి ఆగకుండా పోతే, నంబరు తెలియకపోతే, అక్కడితో అంతా పోయిందనుకోవద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. దరఖాస్తు రెవెన్యూ అధికారుల ద్వారా పోతుంది. గాయపడిన మనిషి ఆసుపత్రి గుమ్మంలో అడ్వాన్సు కోసం ఆగిపోకుండా 2025 మే నుంచి నగదు రహిత చికిత్స పథకం కూడా ఉంది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా చికిత్స ఉచితం. దీన్ని అడిగి తీసుకోవాలి. దారిన పోతూ గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన మనిషిని పోలీసులు వేధించకుండా 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. ఆ భయంతోనే ఇప్పటికీ చాలామంది బండి ఆపరు.

గుంతలో పడి, ఏ ఇతర వాహనమూ లేకుండా బైకు మీది మనిషి చనిపోతే సంగతేమిటి? బండి యజమానే నడుపుతుంటే, లైసెన్సు ఉంటే, బీమాతో పాటు తీసుకోవాల్సిన వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు ఉంది. 2024 జనవరిలో లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బైకుపై వెళ్తున్న ఒక సైనికుడు మాంజా గొంతు కోసి చనిపోయారు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. దాన్ని ఎగరేసిన చేతులెవరివో తెలిసేది అరుదు. అలాంటి మరణాల్లో ఈ 15 లక్షల బీమా, బాధితుల పరిహార పథకం తప్ప కుటుంబానికి వేరే ఆసరా దొరకడం కష్టం. పథకం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త బైకు కొన్నాక మొదటి ఏడాది తర్వాత ఆ బీమా రెన్యూ చేయించని ఇళ్లు ఎన్నో. ఈ వ్యాసం చదివి ఒక్కరైనా ఇవాళే పాలసీ కాగితం తీసి చూసుకుంటే మేలు.

శంషాబాద్ చుట్టూ గోదాములు, కార్గో, కట్టడాల్లో పనిచేసే వలస కూలీల సంగతి మరీ దయనీయం. 2024 మే 7న బాచుపల్లిలో గాలివానకు కట్టడం గోడ కూలి, షెడ్లలో ఉన్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూలీలు ఏడుగురు చనిపోయారు. వారిలో ఓ చిన్నారి కూడా ఉంది. పని ప్రమాదాలకు పరిహారం 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం నుంచీ ఉంది, 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. పనిలో ప్రమాదం జరిగితే యజమాని తప్పు నిరూపించనక్కర్లేదు. కూలీని తెచ్చింది మేస్త్రీ అని, కాంట్రాక్టర్ అని అసలు యజమాని తప్పించుకోలేడు. పనికి పోయే దారిలో జరిగిన ప్రమాదం కూడా పనితో సంబంధం ఉంటే లెక్కలోకి వస్తుందని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. తెల్లవారుజామున మూడు గంటల షిఫ్టుకు బయల్దేరి దారిలో చనిపోయిన చక్కెర మిల్లు కాపలాదారు కేసది. పొగమంచులో బైకు మీద విమానాశ్రయం డ్యూటీకి పోయే వాళ్లంతా గుర్తు పెట్టుకోవాల్సిన మాట అది.

విమానం ఎక్కుతూనో దిగుతూనో తడి మెట్ల మీద జారి గాయపడిన ప్రయాణికుడికి 1972 నాటి విమాన రవాణా చట్టం ఉంది. దానికి గడువు రెండేళ్లు. ప్రైవేటు బస్సు, రిసార్టు, ఈత కొలను లాంటి చోట్ల డబ్బు కట్టి సేవ తీసుకున్నారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడా రెండేళ్లే.

ఎక్కడికి వెళ్లినా కేసు నిలబడేది మొదటి రెండు రోజుల కాగితాల మీదే. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసు (ఎంఎల్‌సీ) నమోదు చేయించాలి. అసలు కారణం చెప్పకుండా ఇంట్లో మెట్ల మీద జారి పడ్డామని రాయించుకుంటే తర్వాత ఏ లాయరూ దాన్ని మార్చలేడు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోవాలి. పంచనామా రాసే చోట ఇంటి మనిషి ఒకరు ఉండాలి. నీళ్లు తీసేయకముందే, గుంత పూడ్చకముందే ఫోనుతో ఫొటోలు తీయాలి. వాన ఆగిన మర్నాడే ఆ గుంత తారుతో నిండిపోతుంది, ఆధారమూ దాంతోనే పోతుంది. మందుల చీటీ నుంచి ఆటో ఖర్చు దాకా రాసి పెట్టుకోవాలి. తెల్లకాగితం మీద సంతకం, వేలిముద్ర ఎవరికీ ఇవ్వకూడదు. ఆసుపత్రి ఆవరణలో తిరుగుతూ సగం వాటాకు కేసు గెలిపిస్తామనే దళారుల మాట అసలు వినకూడదు.

ఈ భారమంతా దుఃఖంలో ఉన్న కుటుంబం మీదే వేయడం అన్యాయం. మోటారు వాహనాల చట్టం ఆ భారాన్ని కొంత తీసే ఏర్పాటు చేసింది. 2022 నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు తొలి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. పోలీసులు పంపిన ఆ నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిము దరఖాస్తుగా తీసుకోవాలని 166వ సెక్షన్ చెబుతోంది. ప్రతి స్టేషన్ ఇది తు.చ. తప్పకుండా చేస్తే, కాలు విరిగి మంచం మీద ఉన్న మనిషి గడువు దాటిపోయిందని ఏడవాల్సిన పని ఉండదు. క్లెయిము వేయడానికి చట్టం ఇచ్చిన గడువు ఆరు నెలలే. దాన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందుకు వెళ్లాయి. తుది తీర్పు వచ్చేదాకా ఆలస్యం పేరుతో క్లెయిములు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. మధ్యంతర ఊరటను నమ్ముకుని కూర్చోవడం మాత్రం ప్రమాదం.

రోడ్డు గుంతలకూ నాలాలకూ అలాంటి ఏర్పాటు మన దగ్గర లేదు. మహారాష్ట్రలో వచ్చింది. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు గుంతలో గానీ తెరిచిన మ్యాన్‌హోల్‌లో గానీ పడి చనిపోతే 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వాలని ఆదేశించింది. మున్సిపల్ కమిషనర్, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి ఉండే కమిటీ వారాల వ్యవధిలో తేల్చాలి. ఆ డబ్బు కాంట్రాక్టర్ నుంచి, తప్పుచేసిన అధికారుల నుంచి రాబట్టాలి. తెలంగాణ ప్రభుత్వం కోర్టు చెప్పేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే వానాకాలం లోపే అలాంటి కమిటీలు వేయవచ్చు. గుంత తవ్విన కాంట్రాక్టరే డబ్బు కట్టాల్సి వస్తుందని తెలిస్తే గోతి చుట్టూ కంచె దానంతటదే వస్తుంది.

న్యాయ సేవల చట్టం వరద బాధితులను పేదరికం ధ్రువపత్రంతో పని లేకుండానే ఉచిత న్యాయ సాయానికి అర్హుల్ని చేసింది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు, వికలాంగులు కూడా అర్హులే. 15100కు ఫోను చేస్తే చాలు. కానీ వరద ముంచెత్తిన రోజు అలీనగర్‌లో ఎంతమందికి ఆ నంబరు తెలుసు? జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మనుషులు వరద శిబిరంలో, ఆసుపత్రి మార్చురీ దగ్గర, ఆర్డీవో ఆఫీసు వరండాలో కనిపించాలి. ఎక్స్‌గ్రేషియా చెక్కు ఇచ్చే రోజే ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, క్లెయిము ఫారం కూడా అదే కవరులో పెట్టి ఇవ్వాలని, ఈ చెక్కు తీసుకోవడం వల్ల ఏ హక్కూ పోదన్న ఒక్క వాక్యం దాని మీద తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయాలని ఒక జీవో ఇస్తే ఖజానాకు పడే ఖర్చు కాగితం ఖర్చే.